ఇండక్టివ్, డిడక్టివ్, నార్మేటివ్, పాజిటివ్: అకౌంటింగ్ థియరీ రీసెర్చికి వీటిలో ఏది పట్టుకోవాలి?

ఎం.కామ్‌లో ఈ నాలుగింటి నిర్వచనాలు బట్టీ పట్టానని, తేడా మాత్రం తలకెక్కలేదని, పీహెచ్‌డీ ప్రపోజల్‌లో ఏది రాయాలో తెలియక టెన్షన్‌గా ఉందని అడిగారు. ఎం.ఫిల్‌లో నేనూ సరిగ్గా ఇక్కడే బోల్తా పడ్డాను.

నాది అనంతపురం. టాపిక్ శనక్కాయ మండీల లెక్కలు. పద్నాలుగు దుకాణాల చిట్టా, ఆవర్జాలు తిరగేశాను. పన్నెండు చోట్ల రైతులకిచ్చిన పాత అడ్వాన్సులను ఎన్నేళ్లయినా కొట్టేయకుండా ఏటా కొత్త పుస్తకంలోకి దించుకుంటూ వస్తున్నారు. ఒక చోట చనిపోయిన ఆసామి పేరు పక్కన పెన్సిలుతో 'కొడుకు బెంగళూరు' అని ఉంది, బాకీ మాత్రం అలాగే ఉంది. "కాబట్టి కొట్టేయకపోవడమే మండీ వ్యాపారానికి సరైన పద్ధతి" అని చాప్టర్ ముగించాను.

మా గైడ్ సారు ఆ వాక్యం కింద గీత గీసి అడిగారు: "జిల్లాలో అందరూ శనక్కాయే ఏస్తారు కదప్పా. అందుకని శనక్కాయ ఏసేదే మంచిదని రాస్తావా?"

వానల్లేక పంట ఎండిపోవడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ని, ఏం చెప్తాను? చాప్టర్ మళ్లీ రాశాను. పన్నెండు మంది అలా చేస్తున్నారని చెప్పడం వరకే నా హక్కు. అది సరైనదని అనాలంటే, దేనికి సరైనది, ఎవరికి సరైనది అన్నది ముందు తేల్చాలి.

పుస్తకాలు నాలుగింటినీ ఒకే వరుసలో నిలబెట్టడం వల్ల వచ్చే చిక్కు ఇది. నిజానికి ఇవి రెండు జతలు. ఇండక్టివ్, డిడక్టివ్ అంటే మీరు నడిచే దారి: చూసినవాటి నుంచి సూత్రానికా, ఒప్పుకున్న సూత్రం నుంచి కిందికా. నార్మేటివ్, పాజిటివ్ అంటే మీరు అడిగే ప్రశ్న: ఎలా ఉండాలి, ఎందుకు ఇలా ఉంది.

ఒక లెక్క చూడండి. మండీలో 100 క్వింటాళ్ల కాయ ఉంది, కొన్నది 5,000 చొప్పున. మార్చి 31న రేటు 5,600. అమెరికా అకౌంటింగ్ ప్రొఫెసర్ లిటిల్‌టన్ (1953) అకౌంటెంట్లు ఏళ్ల తరబడి చేస్తున్న పనిలోంచే సూత్రాలు ఏరాడు, కొన్న ధర దగ్గరే నిలబడ్డాడు. ఆయన లెక్కన స్టాక్ 5 లక్షలు. ఆస్ట్రేలియా ప్రొఫెసర్ ఛాంబర్స్ (1966) ఇంకోవైపు నుంచి వచ్చాడు: మారే మార్కెట్‌లో వ్యాపారి నిలదొక్కుకోవాలంటే చేతిలో ఉన్నదానికి ఇవాళ ఎంత నగదు వస్తుందో తెలియాలి కదా అని మొదలుపెట్టి కిందికి దిగాడు. ఆ దారిలో వెళ్తే 5.6 లక్షలు. స్టాక్ విలువ కట్టడానికి మన దేశంలో ఉన్న అకౌంటింగ్ స్టాండర్డ్, ఏఎస్ 2, కొన్న ధర, అమ్మితే ఖర్చులు పోను వచ్చేది, ఈ రెండింటిలో తక్కువది తీసుకోమంటుంది. కాబట్టి ఇక్కడ 5 లక్షలే.

ఇప్పుడు అసలు సంగతి. ఒక సావుకారిని "స్టాకు ఏ రేటుకు కడతారన్నా?" అని అడిగాను. ఆయన పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా "ఎవరికి సూపించేదానికి?" అన్నాడు.

నా ఎం.ఫిల్ మొత్తంలో దీనికంటే మంచి డేటా దొరకలేదు. బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్‌లో డ్రాయింగ్ పవర్, అంటే ఎంతవరకు అప్పు తీసుకోవచ్చన్నది, స్టాక్ విలువ మీదే నడుస్తుంది. 25 శాతం మార్జిన్ అనుకుంటే 5.6 లక్షల మీద 4.2 లక్షలు తీసుకోవచ్చు, 5 లక్షల మీద 3.75 లక్షలే. తేడా 45 వేలు. అదే పన్ను దగ్గరికి వచ్చేసరికి స్టాక్ తక్కువ ఉంటేనే లాభం తగ్గి ఆయనకు సుఖం. అది తప్పా ఒప్పా అన్నది పక్కన పెట్టి, ఆ రేటు ఎందుకు ఎంచుకున్నాడని అడగడమే పాజిటివ్.

పాజిటివ్ థియరీకి పేరుపడ్డ అమెరికా పరిశోధకులు వాట్స్, జిమ్మర్‌మన్ 1978లో చేసింది దాదాపు ఇదే. ద్రవ్యోల్బణాన్ని లెక్కల్లో సర్దాలన్న ఎఫ్‌ఏఎస్‌బీ (అక్కడ అకౌంటింగ్ స్టాండర్డ్‌లు పెట్టే సంస్థ) ఆలోచన మీద అమెరికా కంపెనీలు రాసిన అభిప్రాయాలు తీసుకుని, ఎవరు ఎందుకు సై అన్నారో చూశారు. ఆ పద్ధతితో తమ లాభం తగ్గి కనిపిస్తుందంటే పెద్ద కంపెనీలే ఒప్పుకునే వైపు మొగ్గాయి. లాభం ఎక్కువ కనిపిస్తే ప్రభుత్వం కళ్లు పడతాయన్నది వాళ్ల వివరణ. బోనస్, అప్పు షరతులు, రాజకీయ ఖర్చు అని మీ నోట్స్‌లో ఉండే మూడు హైపోథిసిస్‌లు ఈ వరుసలోవే.

చాలామంది పాజిటివ్ అంటే ఇండక్టివ్ అనుకుంటారు, కాదు. వాట్స్, జిమ్మర్‌మన్ ప్రతివాడూ తన లాభం చూసుకుంటాడన్న ఆర్థికశాస్త్రపు ఊహతో మొదలుపెట్టి, హైపోథిసిస్ దించుకుని, తర్వాతే డేటాతో సరిచూశారు. అంటే డిడక్టివ్‌గానే దిగారు. దీన్ని అందరూ ఒప్పుకున్నారనీ కాదు. ఇది అకౌంటింగ్ గురించిన థియరీ కాదు, అకౌంటెంట్ల గురించిన థియరీ అని క్రిస్టెన్సన్ అనే విమర్శకుడు 1983లో గట్టిగానే వేసుకున్నాడు. ఆ విమర్శ నాకు సగం నచ్చుతుంది.

మీ ప్రపోజల్‌కైతే నేను పాజిటివ్ వైపే చెప్తాను. మొదటిసారి రీసెర్చి చేసేవాళ్లు "ఇలా ఉండాలి" అని రాస్తే, మీరెవరు చెప్పడానికి అన్న ప్రశ్న వైవాలో తప్పదు. అప్రోచ్ పేరు ముందు రాయకండి. ప్రశ్న ఒక్క వాక్యంలో రాసుకోండి, పేరు దానంతటదే తేలుతుంది.

మండీలకే వెళ్లేటట్టయితే మధ్యాహ్నం తూకాలు అయ్యాక వెళ్లండి. పాత బైండు పుస్తకాలు అటక మీద ఉంటాయి, అడిగితేనే దించుతారు. కాయ దిగే అక్టోబరు, నవంబరుల్లోనూ మార్చి ఆఖర్లోనూ మాత్రం వద్దు, ఎవరూ పలకరు.