అష్టాచెమ్మా గవ్వలు లేకుండా ఆడొచ్చా?

పిల్లలకి నేర్పాలనుంది, గవ్వలు దొరకట్లేదు అని అడిగారు. గవ్వలు అక్కర్లేదండి. మా విజయనగరంలో వేసవిలో చింతపండు పిక్క తీసేటప్పుడు అమ్మమ్మ నాలుగు లావుపాటి పిక్కలు పక్కన పెట్టేది, వాటిని అరుగు మీద ఒకవైపే తెల్లగా వచ్చేదాకా అరగదీసేవాళ్ళం, వేళ్ళు మండినా ఆపేవాళ్ళం కాదు. సిరిమాను జాతరలో కొన్న బొమ్మలు నెలలో విరిగిపోయేవి, ఆ పిక్కలు మాత్రం ఏళ్ళ తరబడి డబ్బాలో ఉండేవి.

సుద్దముక్కతో ఐదు అడ్డం, ఐదు నిలువు, మొత్తం 25 గళ్ళు గీయండి. నాలుగు వైపులా మధ్య గడికీ, నట్టనడి గడికీ ఇంటూ పెట్టండి, అక్కడున్న కాయని, అంటే గళ్ళలో నడిపే పావుని, ఎవరూ చంపలేరు. నాలుగు పిక్కలూ తెల్లగా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ నల్లగా పడితే అష్టా, 8. ఈ రెంటికీ పిక్కలు ఇంకోసారి వేయొచ్చు. మిగతా పందాల్లో ఎన్ని పిక్కలు తెల్లగా పడితే అన్ని గళ్ళు నడవాలి. బయటి 16 గళ్ళు తిరిగి, లోపలి 8 గళ్ళు ఎదురుదిశలో తిరిగి, నడి గడికి చేరితే కాయ పండినట్టు. ఒక్కరినైనా చంపకపోతే లోపలికి పోనివ్వకూడదన్నది మా ఇంటి పద్ధతి, ఇళ్ళని బట్టి మారుతుంది. నాకైతే ఆ నియమం ఉంటేనే ఆట, లేకపోతే ఊరికే నడకే.

ఒక్కమాట, పిక్కలు నాలుగూ ఒకే సైజువి తీసుకోండి, అరగదీయడం మాత్రం పిల్లల చేతే చేయించండి.