ఎమ్‌పీఓ పాజిటివ్ అంటే బ్లడ్ క్యాన్సరేనా?

నాన్నగారి రిపోర్టులో ఎమ్‌పీఓ పాజిటివ్ అని ఉంది, నెట్‌లో చూస్తే బ్లడ్ క్యాన్సర్ అని వస్తోంది, కాళ్లూ చేతులూ ఆడటం లేదు అని రాశారు. ముందు ఆ కాగితం మళ్లీ తీసి, శాంపిల్ అన్న చోట ఏముందో చూడండి. చేతి నుంచి తీసిన రక్తమా, తుంటి ఎముక నుంచి తీసిన మజ్జా?

రెండేళ్ల కిందట మా అమ్మకి ఇదే జరిగింది. మాది విశాఖలోని గాజువాక. కాళ్ల వాపు, మూత్రంలో నురగ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 3 దాటింది. రిపోర్టు ఫోన్‌కి వచ్చిన రాత్రి మా తమ్ముడు వెతికి చూసి క్యాన్సర్ అన్నాడు, ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు. మర్నాడు కిడ్నీ డాక్టరుగారు పెన్ను మూతతో ఆ లైను మొదట్లో ఉన్న 'యాంటీ' అన్న మాట చూపించి, "ఇది చూశారామ్మా?" అన్నారు. చూడలేదు.

ఎమ్‌పీఓ అంటే మైలోపెరాక్సిడేజ్. తెల్లకణాల్లో క్రిములను చంపడానికి ఉండే ఎంజైమ్, చీముకి ఆ ఆకుపచ్చ ఛాయ దీనివల్లే. లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ అనుమానం ఉంటే మజ్జలో, ఒక్కోసారి రక్తంలో ఉండే బ్లాస్ట్ కణాలకి (ఇంకా ఎదగని కణాలు) రంగు వేసి చూస్తారు. 3 శాతం, ఆపైన కణాలకి రంగు పడితే మైలాయిడ్ రకమని, లింఫోబ్లాస్టిక్ రకంలో మామూలుగా పడదని. అంటే అక్కడ కూడా అది జబ్బు ఏ రకమో తేల్చడానికే. అమ్మ విషయంలో ఒళ్లే పొరబడి ఆ ఎంజైమ్ మీద యాంటీబాడీలు తయారుచేసింది. దాన్ని ఆంకా వాస్క్యులైటిస్ అంటారు, చిన్న రక్తనాళాలు వాచిపోయి కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

అయితే క్యాన్సర్ కాదు కదా అని మాత్రం ఊరుకోకండి. ఈ జబ్బులో కిడ్నీలు వారాల్లోనే పాడవుతాయి. మేం నెలన్నర పాటు దగ్గర్లోని ఒక క్లినిక్ చుట్టూ గ్యాస్ మాత్రల కోసం తిరిగాం, ఎవరూ మూత్రపరీక్ష రాయలేదు, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. తర్వాత కిడ్నీ బయాప్సీ చేసి నిర్ధారించి, స్టెరాయిడ్లు, యాంటీబాడీల తయారీని తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చారు. ఇప్పుడు క్రియాటినిన్ 1.8 దగ్గర నిలిచింది.

మీది 'యాంటీ' అని ఉన్న రక్తం రిపోర్టయితే రేపే నెఫ్రాలజిస్టుకి, అంటే కిడ్నీ డాక్టరుకి చూపించండి, విశాఖ కేజీహెచ్‌ ప్రభుత్వాసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది. దగ్గులో రక్తం పడినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా రేపటిదాకా కూడా ఆగొద్దు. మజ్జ రిపోర్టే అయినా, రక్తం రిపోర్టులో బ్లాస్ట్ కణాలని ఉన్నా అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి స్లైడ్లతో సహా తీసుకెళ్లండి. శాంపిల్ ఏమని ఉందో ఇక్కడ రాయండి, రాత్రి ఎంతసేపైనా చూస్తూ ఉంటాను.