జిమ్నీకి టైర్లు కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మారుతి జిమ్నీకి స్ప్రింగులు మార్పించి రెండంగుళాల లిఫ్ట్ వేయించానని, ఇక బురద కోసం పెద్ద సందులతో చేసే 235/75 ఆర్15 మడ్ టైర్లు, వాటికి బయటికి పొడుచుకొచ్చే నల్ల రిమ్ములు తీసుకుందామనుకుంటున్నానని రాశావు. డబ్బు కట్టకముందే అడిగావు, చాలా సంతోషం. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. నీ బండికి తారుకూ మట్టికీ రెంటికీ పనికొచ్చే 215/75 ఆర్15 ఆల్ టెరైన్ టైర్లు చాలు, అవి కూడా కంపెనీ ఇచ్చిన ఇనుప రిమ్ముల మీదే. ఎందుకో కింద రాస్తున్నాను. అంతా చదివాక నిర్ణయం నీదే.

లిఫ్ట్ వేస్తే బండి ఎత్తు పెరుగుతుందని అందరూ అంటారు. నిజానికి పెరిగేది బాడీ, ఛాసిస్ మాత్రమే. జిమ్నీకి ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్లు. వాటి మీద ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ గుండు (చక్రాలకు బలం పంచే గేర్ల డబ్బా) లిఫ్ట్‌కు ముందు నేలకు ఎంత ఎత్తులో ఉందో ఇప్పుడూ అంతే ఎత్తులో ఉంది. బండరాయి ముందుగా తగిలేది దానికే. దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకే. అందుకే టైరు ఏదో తేల్చుకున్నాక దానికి ఎంత లిఫ్ట్ కావాలో చూడాలి. నువ్వు లిఫ్ట్ ముందు వేయించావు కాబట్టి, ఆ ఖాళీ అంతా నింపాలని ఇప్పుడు మనసు లాగుతోంది. ఖాళీ కనబడుతోంది కదా అని టైరు పెంచవద్దు.

లెక్క నువ్వే వేసుకోవచ్చు. నీ బండితో వచ్చింది 195/80 ఆర్15. వెడల్పు 195 మిల్లీమీటర్లు, అందులో 80 శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు, అంటే 156. పైనా కిందా కలిపి 312. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. మొత్తం 693. ఇదే పద్ధతిలో 215/75 దాదాపు 704 వస్తుంది, 235/75 దాదాపు 734 వస్తుంది. అంటే 215 వేస్తే యాక్సిల్ లేచేది 5 మిల్లీమీటర్లు, 235 వేస్తే 20. రాళ్ల దారిలో 20 మిల్లీమీటర్లు చిన్న లాభమేమీ కాదు, కాదనను. కానీ దానికి చెల్లించాల్సిన మూల్యం చూడు.

నీ ఇంజిన్ 1.5 లీటర్ల పెట్రోలు. టార్క్ 134 న్యూటన్ మీటర్లు, అది కూడా 4,000 ఆర్‌పీఎం దగ్గర. 235 టైరు వ్యాసం దాదాపు 6 శాతం ఎక్కువ. అంటే ప్రతి గేరూ ఆ మేరకు పొడవైనట్టే. అనంతగిరి ఘాట్‌లో ఇప్పుడు మూడో గేరులో లాగే చోట రెండుకు దిగాల్సి వస్తుంది. లో రేంజ్‌లో, అంటే కష్టమైన దారికోసం ఉండే నిదానపు గేర్లలో, బండి మెల్లగా పాకే గుణం కూడా అంతే తగ్గుతుంది. రాళ్ల మీద నీకు అసలు కావలసింది ఆ గుణమే. పైగా మడ్ టైరు బరువు. రిమ్ముతో కలిపి చక్రానికి అయిదారు కిలోలు పెరిగినా, తిరిగే బరువు కాబట్టి బండి లాగడంలోనూ బ్రేకు వేసినప్పుడూ అది తెలిసిపోతుంది. స్పీడోమీటరు ఇప్పుడు సరిగ్గా చూపిస్తుంటే, ఆ టైర్లతో 100 చూపినప్పుడు నిజమైన వేగం 106 దగ్గర ఉంటుంది. కిలోమీటర్లు కూడా తక్కువగా నమోదవుతాయి. సర్వీసు లెక్కలో అది గుర్తుంచుకోవాలి.

ఇక నేల సంగతి. నా దృష్టిలో టైరు ఎంపికలో సగం పని ఇదే. నీ బండి వారమంతా హైదరాబాద్ తారు మీద తిరుగుతుంది. సెలవు రోజున వికారాబాద్ వైపు ఎర్రమట్టి, బండరాళ్లు. పండగలకు నంద్యాల వైపు మన ఊరి నల్లరేగడి. ఎప్పుడైనా బాపట్ల వైపు ఇసుక. ఈ నాలుగింటికీ ఒకే టైరు గొప్పగా పనిచేయదు. కాబట్టి దేనికి ఎంత పనికొస్తుందో చూసి ఎంచుకోవాలి.

మడ్ టైరు కొనేవాళ్లంతా నల్లరేగడి మాటే చెబుతారు. వాన పడ్డాక ఆ మట్టిని చేత్తో తీసి చూశావా? పిసికితే జిగురులా వేళ్లకు పట్టుకుంటుంది, దులిపినా రాదు. టైరుకూ అంతే. నాలుగు చుట్లు తిరిగేసరికి ట్రెడ్ (నేలకు ఆనే ముఖం) సందులన్నీ మట్టితో పూడిపోయి టైరు నున్నటి గుండులా తయారవుతుంది. మడ్ టైరుకు సందులు పెద్దవి కాబట్టి చక్రాన్ని వేగంగా తిప్పితే కొంత మట్టి విసిరేస్తుంది. కానీ డొంకలో అంత వేగంగా చక్రం తిప్పితే బండి లోపలికే దిగబడుతుంది. ఇంకా తిప్పితే చక్రాల చుట్టూ మట్టి పేరుకుని మడ్‌గార్డు లోపల బిగుసుకుంటుంది. టైరు ఎంత పెద్దదైతే అక్కడ మిగిలే ఖాళీ అంత తక్కువ. తడి రేగడికి సరైన మందు ఎండ. రెండు రోజులు ఆగితే మామూలు టైరుతోనూ వెళ్లొచ్చు. పైగా తడిలో నువ్వు వేసిన గాడి ఎండాక గట్టిపడి, ఆ దారిన ఎడ్లబండి తోలుకెళ్లే రైతుకు సీజనంతా ఇబ్బంది. ఆ పని మాత్రం చేయకు.

రేగడి పొలాల్లో అసలు ప్రమాదం బురద కాదు, కంది కొయ్యకాళ్లు. పైరు కోశాక మిగిలే ఆ మొదళ్లు కొడవలి వేటుకు ఏటవాలుగా తెగి, ఎండి మేకుల్లా నిలబడతాయి. అవి సైడ్‌వాల్‌లో దిగితే పంక్చర్ షాపులో వేసే ప్లగ్గు పనిచేయదు, టైరు పారేయాల్సిందే. వికారాబాద్ బండల అంచులు కూడా సైడ్‌వాల్‌నే కోస్తాయి. అందుకే నీకు ట్రెడ్ లోతు కంటే సైడ్‌వాల్ గట్టిదనం ముఖ్యం. మంచి ఆల్ టెరైన్ టైర్లలో అది ఉంటుంది. తారు మీద వానలో మడ్ టైరు కంటే మెరుగ్గా పట్టుకుంటుంది, రొద తక్కువ, నిదానంగా అరుగుతుంది.

అలాగని లారీ తరహా టైరు కోసం వెంపర్లాడవద్దు. పేరు ముందు ఎల్‌టీ అని ఉండే టైర్లు బరువైన వాహనాల కోసం చేసినవి. నీ జిమ్నీ బరువు సుమారు 1,200 కిలోలే. అంత తేలిక బండి కింద ఎల్‌టీ టైరు వంగదు. రాయి మీదికి ఎక్కినప్పుడు దాన్ని చుట్టి పట్టుకోవాల్సిన రబ్బరు బిర్రుగా నిలబడి జారుతుంది. బిగువు తగ్గించాలంటే గాలి ఇంకా తీయాలి, మరీ తీస్తే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. నీ పాత టైరు మీద లోడ్ ఇండెక్స్ 96 అని ఉంటుంది, అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది. కొత్తది అంతకు తగ్గకపోతే చాలు.

రిమ్ముల దగ్గరికి వద్దాం. కంపెనీ రిమ్ము 15 అంగుళాలు, వెడల్పు 5.5, ఆఫ్‌సెట్ ప్లస్ 5. రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడుమ గీత గీశామనుకో. హబ్బుకు (చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే ముఖం ఆ గీతకు 5 మిల్లీమీటర్లు బయటి వైపు ఉంది, అదే ప్లస్ 5. ఆ ముఖం లోపలి వైపుకు జరిగితే మైనస్ అవుతుంది, చక్రం బయటికి నెట్టుకొస్తుంది. నువ్వు ఫోటో పంపిన రిమ్ము 7 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ మైనస్ 20. లెక్క వేశాను. దాని బయటి అంచు ఇప్పటికంటే 44 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. చూడ్డానికి ఠీవిగానే ఉంటుంది. కానీ హబ్బు బేరింగుల మీదా స్టీరింగ్‌తో చక్రం తిరిగే చోట ఉండే కింగ్ పిన్ బేరింగుల మీదా పడే ఒత్తిడి పెరుగుతుంది. గుంటలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు పెద్ద వృత్తంలో తిరిగి బంపరు మూలకు రాసుకుంటుంది. తలుపులూ అద్దాలూ బురదమయమవుతాయి.

215/75 టైరుకు 5.5 నుంచి 7 అంగుళాల వరకు రిమ్ము సరిపోతుంది, కాబట్టి నీ పాత రిమ్ముల మీదే సరిగ్గా కూర్చుంటుంది. 235/75కు కనీసం 6 అంగుళాలు కావాలి. పాత రిమ్ము మీదే 235 ఎక్కిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అంతగా 235 కావాలనుకుంటే 6 లేదా 6.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ సున్నాకు దగ్గరగా ఉన్నది చూడు. 6.5 సున్నా అయితే బయటికి వచ్చేది 18 మిల్లీమీటర్లే. బోల్టుల వృత్తం 139.7, అయిదు రంధ్రాలు, నడిమి రంధ్రం 108, ఇవి సరిపోవాలి. నట్టు మర 12 బై 1.25. కొత్త రిమ్ము గూడుకు సరిపోయే నట్లు అడిగి తీసుకో, పాతవి ఎలాగోలా బిగించేస్తే కుదరదు. చక్రాన్ని బయటికి జరపడానికి హబ్బుకూ రిమ్ముకూ నడుమ పెట్టే స్పేసర్ల జోలికి అసలు వెళ్లవద్దు.

నీది జీటా రకం జిమ్నీ కాబట్టి ఇనుప రిమ్ములొచ్చాయి. వాటిని నామోషీగా చూడకు. రాయి తగిలి ఇనుప రిమ్ము వంగితే ఊళ్లోని పంక్చర్ షాపులో సుత్తితో సరిచేసి ఇంటికి చేరేంత మటుకు పని గడుపుతారు. అల్లాయ్ పగిలితే అక్కడికక్కడే ఆగిపోతావు. పెద్ద రిమ్ముల మోజు కూడా వద్దు. థార్‌నే చూడు. 18 అంగుళాల రిమ్ముతో వచ్చే 255/65 టైరుకు సైడ్‌వాల్ దాదాపు 166 మిల్లీమీటర్లు. 16 అంగుళాల రిమ్ముతో వచ్చే 245/75కు దాదాపు 184. మొత్తం ఎత్తులో చిన్నదైనా రాళ్ల దారిలో ఆ 16 అంగుళాలదే మేలు, ఎందుకంటే వంగడానికి రబ్బరు ఎక్కువ ఉంది. నీ 15 అంగుళాలు ఆ విషయంలో వరం.

టైరు ఎక్కించే ముందు లిఫ్ట్ సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. బండి చదును నేల మీద నిలిపి, మడ్‌గార్డు అంచు నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీయి. దారానికీ టైరుకూ మధ్య దూరం ఎడమా కుడీ కొలువు. తేడా ఉందంటే యాక్సిల్ ఒక పక్కకు జరిగింది. లిఫ్ట్ వేసినప్పుడు, యాక్సిల్‌ను ఛాసిస్‌కు అడ్డంగా కలిపి పట్టే పాన్‌హార్డ్ రాడ్డు దాన్ని అలా గుంజుతుంది, పొడవు సరిచేసుకునే రాడ్డు వేయాలి. ముందు యాక్సిల్ కాస్త తిరిగి క్యాస్టర్ కోణం (స్టీరింగ్‌ను తిన్నగా నిలిపే వెనక వాలు) కూడా తగ్గుతుంది. హైవే మీద స్టీరింగ్ తేలిపోవడం, వణకడం దానివల్లే. క్యాస్టర్ సరిచేసే బుష్‌లు వేయించి అలైన్‌మెంట్ చేయించాకే కొత్త టైర్లు వేయించు. లేకపోతే వణుకు టైర్లదని అనుకుని బ్యాలెన్సింగ్ షాపుల చుట్టూ తిరుగుతావు.

చట్టం సంగతి కూడా తెలుసుకో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. లిఫ్ట్ ఆ గీత దాటే పనే. 215 సైజు కూడా జిమ్నీ పట్టికలో లేదు. కాబట్టి ఆర్టీఏ కార్యాలయంలో అడుగు, బీమా కంపెనీకి రాసి లిఖితపూర్వకంగా జవాబు తీసుకో. వాళ్లు ఒప్పుకోకపోతే 195/80లోనే ఆల్ టెరైన్ టైరు వేయించు. ఆ సైజులోనూ నీ నేలలకు బాగానే పనిచేస్తుంది.

ఎన్ని కొనాలన్న ప్రశ్నే లేదు, అయిదు కొను. నీది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, అది వేసినప్పుడు ముందూ వెనకా యాక్సిళ్లు కలిసి తిరుగుతాయి. స్టెప్నీ వేరే సైజుదైతే దాన్ని వేసుకుని ఫోర్ వీల్ వాడిన రోజున గేర్లకు దెబ్బ. టైరు పక్కన తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. ఏడాది దాటిన టైరు ఇస్తే వెనక్కి ఇచ్చెయ్. షాపులోనే ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూల వెనక చక్రం దిమ్మెల మీదికి ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడు. ఎక్కడైనా రాసుకుంటే అక్కడే తేలిపోతుంది. బిగించాక వంద కిలోమీటర్లు తిరిగి నట్లు టార్క్ రెంచితో మళ్లీ చూడాలి.

గాలి ఎంత పెట్టాలో కొత్త టైరుకు కొత్తగా తేల్చుకోవాలి. డ్రైవరు తలుపు దగ్గరున్న చీటీలోని అంకెతో మొదలుపెట్టు. సుద్దముక్కతో ట్రెడ్ మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు మందంగా అడ్డగీత గీసి, చదునైన తారు మీద తిన్నగా కొంత దూరం నడిపి దిగి చూడు. నడుమ చెరిగి అంచుల్లో సుద్ద మిగిలితే గాలి ఎక్కువ. అంచులు చెరిగి నడుమ మిగిలితే తక్కువ. అంతటా సమానంగా చెరిగేదాకా ఒక్కో పీఎస్‌ఐ మార్చుతూ వెళ్లు, తారు మీద మాత్రం చీటీలోని అంకె కంటే కిందికి దించకు. రాళ్లలో 18, 20 మధ్యకు, ఇసుకలో 15కు దించొచ్చు, కానీ అప్పుడు వేగం తగ్గించాలి, పదునుగా మలుపు తిప్పకూడదు, తారెక్కేముందు మళ్లీ నింపాలి. చిన్న కంప్రెసరూ నమ్మదగిన గేజీ కొనుక్కో. రిమ్ములకు పెడదామనుకున్న డబ్బులో కొంత చాలు వాటికి.

తీసేసిన పాత టైర్లు అప్పుడే అమ్మేయకు. బీమా వాళ్ల జవాబు వచ్చేదాకా వాటిని మేడ మీద నీడపట్టున ఉంచు. సుద్దగీత ఫోటోలు నాలుగు చక్రాలవీ పంపితే గాలి లెక్క ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య