ఎడారి మొక్కకు నీళ్లు: ఏ కాలంలో ఎంత?

పెరటి తోట – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా డాబా మీద కొన్నేళ్లుగా అడీనియం పెంచుతున్నాను. వేసవిలో నిండుగా పూసింది గాని, వానలు ముదిరాక ఆకులు పసుపుబారి రాలసాగాయి. నీరు చాలడం లేదేమోనని రోజూ పోశాను. ఇప్పుడు కాండం మొదట్లో ఉబ్బి ఉండే దుంప ఒక పక్కన మెత్తబడింది. ఎడారి మొక్క గనుక వారానికి ఒకసారి పోస్తే చాలని ఒకరు, పూల మొక్కకు రోజూ పోయాల్సిందేనని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, దుంప ఒక పక్కనే మెత్తబడిందన్నారు గనుక అది కుళ్లు. నీళ్ల సంగతి తరువాత చూద్దాం. ముందు ఈ రోజే మొక్కను కుండీలోంచి తీసి, వేళ్లకు అంటిన మట్టి దులిపి, మెత్తబడిన భాగాన్ని తెల్లని గట్టి కండ కనిపించేదాకా పదునైన కత్తితో కోసి తీసివేయండి. గోధుమరంగు చార ఒక్కటి మిగిలినా కుళ్లు మళ్లీ అక్కడినుంచే పాకుతుంది గనుక కోయడానికి జంకవద్దు. ప్రతి కోతకు ముందు కత్తిని స్పిరిట్‌తో తుడవండి. అడీనియం గన్నేరు కుటుంబానికి చెందినది, ఆఫ్రికాలో దీని పాలను వేటబాణాలకు విషంగా పూసేవారు. అందుచేత చేతులకు తొడుగులు వేసుకోండి, కోసిన ముక్కలు పిల్లలకు గాని మేకలకు గాని అందకుండా చూడండి. కోతల మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంద్రనాశిని పొడి అద్ది, గాయం ఎండి గట్టిపడేదాకా మొక్కను నీడలో, గాలి ఆడేచోట వేలాడదీయండి. వానాకాలంలో ఇందుకు వారం పది రోజులు పడుతుంది. దుంపలో దాచుకున్న నీరే ఆ రోజులకు సరిపోతుంది. తరువాత పొడి మిశ్రమంలో నాటి, మరో వారం దాకా చుక్క నీరు పోయకండి.

ఇక మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ రోజులు లెక్కపెట్టారే గాని కుండీలోకి చూడలేదు. అడీనియం పుట్టిల్లు సహారాకు దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతం, తూర్పు ఆఫ్రికా, అరేబియా ద్వీపకల్పం. అక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు వాన ఉండదు, కురిసినప్పుడు మాత్రం వేడి కాలంలో కురిసి, రాళ్ల సందుల్లోంచి వెంటనే ఇంకిపోతుంది. కాబట్టి వేడి, వెలుతురు ఉన్నంతకాలం ఈ మొక్క కడుపునిండా నీరు తాగుతుంది, తాగాలి కూడా. దానికి పడనిదల్లా వేళ్ల చుట్టూ నిలిచిపోయే తడి. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేళ్లకు ఊపిరాడదు. అలా చచ్చిన వేళ్లలో పిథియం వంటి సూక్ష్మజీవులు చేరి, క్రమంగా దుంపలోకి ఎక్కుతాయి. వేళ్లు పోయాక పైకి నీరందదు గనుక ఆకులు పసుపుబారి రాలుతాయి, చూసేవారికి అది దాహంలాగే కనిపిస్తుంది. మీరు ప్రేమతో పోసిన నీరు మీ మొక్కకు చేసిన కీడు ఇదే.

దాహాన్నీ కుళ్లునూ వేరుచేసి చూడటం కష్టమేమీ కాదు. దుంపను నాలుగు వైపులా చేతివేళ్లతో మెల్లగా నొక్కండి. అన్ని వైపులా ఒకే తీరున కాస్త లొంగుతూ, తోలు మీద సన్నని ముడతలు కనిపిస్తూ, మట్టి కూడా పొడిగా ఉంటే అది దాహం. నీరు పోసిన కొద్ది రోజుల్లోనే దుంప బిగుస్తుంది. ఒక్కచోటే మెత్తగా దిగబడి, అక్కడ తోలు నల్లబడి, ముక్కుకు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన వస్తే అది కుళ్లు. మట్టి పైన ఆరినా అడుగున తడి ఉండవచ్చు గనుక పై మట్టిని నమ్మవద్దు. ఎండిన వెదురు పుల్లను కుండీ అంచు పక్కనుంచి అడుగుదాకా దించి, కాసేపు ఉంచి తీయండి. పుల్లకు మట్టి అంటుకున్నా, పుల్ల రంగు ముదిరినా ఆ రోజు నీరు అక్కరలేదు.

మీ ఊరి కాలాలను బట్టి చెప్పాలంటే, మార్చి చివరి నుంచి జూన్ నడుమ వచ్చే రజ సంక్రాంతి దాకా, డాబా మీద రోజంతా ఎండ తగిలే 10 అంగుళాల మట్టి కుండీకి రెండు మూడు రోజులకు ఒకసారి నీరు పడుతుంది. ప్లాస్టిక్ కుండీ అయితే ఇంకా ఆలస్యంగా ఆరుతుంది. పోసినప్పుడు అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా పోయాలి. రోజుకో గ్లాసు చొప్పున పైపైన తడిపితే లోతు వేళ్లు ఎండిపోతాయి, బోరు నీటిలోని ఉప్పు మట్టిలోనే పేరుకుంటుంది. కుండీ అంచున తెల్లగా పొర కడుతుంటే అది ఆ ఉప్పే. నీరు పొద్దున్నే పోయడం మేలు. ఎండలో పడి ఉన్న పైపులోని నీరు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది గనుక తొలి ధారను పక్కకు వదిలి, చల్లబడ్డాకే కుండీ వైపు తిప్పండి.

రజ దాటి తొలకరి పడ్డాక లెక్కంతా మారిపోతుంది. మొదటి ఒకటి రెండు వానలు మొక్కను తడపనివ్వండి, దుమ్ము కడిగి మేలే చేస్తాయి. ముసురు పట్టగానే మాత్రం కుండీని వెలుతురు తగ్గని చూరు కిందికి మార్చండి, కింద పళ్లెం ఉంటే తీసివేసి రెండు ఇటుకల మీద ఎత్తిపెట్టండి. ముసురులో ఎండ లేక, గాలి నిండా తేమ ఉండి, ఆకుల నుంచి నీరు ఆవిరి కాదు; అందుకే వేళ్లు తాగడం దాదాపు మానేస్తాయి. ఆ రోజుల్లో వారం పది రోజులకు ఒకసారి పుల్ల పెట్టి చూసి, అడుగు ఆరితేనే పోయాలి. సెప్టెంబరు వెళ్లిందిగదా అని కుండీని తొందరపడి బయట పెట్టవద్దు. మన వైపు తుఫాన్లకు అక్టోబరే కాలం. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానలు గజపతి జిల్లాను ఎంత ముంచాయో మీకు చెప్పనక్కరలేదు. దీపావళి దాటేదాకా చూరు కిందే ఉంచండి.

తిరిగి నాటే మిశ్రమంలో సగానికి తక్కువ కాకుండా ముతక ఇసుక, నలగగొట్టిన ఇటుక ముక్కలు ఉండాలి. మహేంద్రతనయ నది ఇసుక మీకు దగ్గరలోనే దొరుకుతుంది. దాన్ని జల్లించి, సన్నని పొడి వదిలేసి, జల్లెడలో మిగిలిన గరుకు రవ్వను కడిగి వాడండి. సన్నని ఇసుక మట్టితో కలిసి బిగుసుకుపోతుంది, అది మామూలు మట్టి కన్నా చేటు.

ప్రశ్న: కోరాపుట్‌లో మా అడీనియం డిసెంబరులో ఆకులన్నీ రాల్చి మోడైపోయింది. చచ్చిపోయిందా? నీరు పోయాలా, మానాలా?
– ఒక పాఠకుడు, కోరాపుట్

జవాబు: కొమ్మను గోటితో కొద్దిగా గీరి చూడండి. లోపల ఆకుపచ్చగా ఉండి, దుంప గట్టిగా ఉంటే మొక్క నిద్రలో ఉన్నట్టే. మీ ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, జనవరిలో రాత్రి చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది. 15 డిగ్రీలకు దిగువన అడీనియం పెరగడం ఆపివేసి ఆకులు వదిలేస్తుంది. ఆకు లేని మొక్కకు నీటి అవసరం ఎంత తక్కువో ఊహించవచ్చు. చలి, తడి కలిసి దీనికి చేసే హాని ఎండ గాని కరువు గాని చేయవు. అందువల్ల మోడుగా ఉన్నంతకాలం మూడు నాలుగు వారాలకు ఒకసారి, ఎండ బాగా కాసిన రోజున, సన్నని వేళ్లు పూర్తిగా ఎండిపోకుండా ఒక గ్లాసు నీరు చాలు. దాన్ని మిట్టమధ్యాహ్నానికి ముందే పోయండి, రాత్రి చలి వేళకు మట్టి కాస్త ఆరుతుంది. పొగమంచు పట్టే రాత్రుల్లో గోడ పక్కకు చేర్చండి. ఎరువు పూర్తిగా మానాలి.

ఫిబ్రవరి, మార్చిలలో కొమ్మల చివర చిగురు మొనలు కనిపిస్తాయి. అప్పుడు కూడా ఒక్కసారిగా నిండా పోయకండి. మొదట వారానికి ఒకసారి కొద్దిగా పోస్తూ, ఆకులు విప్పారాక మాత్రమే వేసవి లెక్కలోకి రండి. మైదానంలోని బంధువులు సంక్రాంతికి కూడా తమ మొక్కకు పది పన్నెండు రోజులకు ఒకసారి నీరు పోస్తున్నామని చెప్పవచ్చు. వారి ఊళ్లో చలి తక్కువ గనుక మొక్క కొన్ని ఆకులు నిలుపుకుంటుంది, కాబట్టి వారికి అది సరైనదే. మీరు మాత్రం దాన్ని అనుసరించవద్దు.

ప్రశ్న: కడియం నర్సరీ నుంచి తెప్పించిన అడీనియంకు నీరు పోస్తే అంతా క్షణంలో కిందికి కారిపోతోంది, దుంప మాత్రం ముడతలు పడుతోంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇంట్లో చోటు లేకపోతే ఏం చేయాలో కూడా చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: నర్సరీ మొక్కలను ఎక్కువగా కొబ్బరి పొట్టులో పెంచి పంపుతారు. అది ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పీల్చుకోదు, కుండీ గోడకూ ఎండిన పొట్టు ముద్దకూ మధ్య ఏర్పడిన సందులోంచి నీరు జారిపోతుంది. కుండీని బకెట్టు నీటిలో అంచుకు కాస్త దిగువదాకా అరగంట ఉంచి, తీసి నీరు పూర్తిగా వడియనివ్వండి. ఈ ఉపాయం వేసవికే పరిమితం. అదే కొబ్బరి పొట్టు వానాకాలంలో రోజుల తరబడి తడిని పట్టి ఉంచుతుంది గనుక మార్చి, ఏప్రిల్ నెలల్లోనే దాన్ని వేళ్ల నుంచి విదిల్చి, పైన చెప్పిన ఇసుక మిశ్రమంలోకి మార్చండి.

తుఫాను వచ్చే ముందు రోజు నుంచే నీరు ఆపి, కుండీలను డాబా పిట్టగోడకు ఆనించి పక్కకు పడుకోబెట్టండి. అలా ఉంచితే గాలికి పడి పగలవు, వాన నీరు కుండీలో నిలవదు. రెండు మూడు రోజులు పడుకుని ఉన్నందువల్ల మొక్కకు నష్టం లేదు. మీది తీరానికి దగ్గరి ఊరు గనుక గాలి తగ్గాక ఆకుల మీద ఉప్పు చేరి ఉంటుంది. కుండీ ఇంకా పడుకుని ఉండగానే ఆకులను మంచినీటితో ఒకసారి కడిగి, ఆ నీరు జారిపోయాక నిలబెట్టండి.