పొరుగు విధానం మీద డిసర్టేషన్ రాస్తున్న మేనకోడలికి

చి. అమ్మడుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన సినాప్సిస్ రెండుసార్లు చదివాను. 'యూరోపియన్ యూనియన్ పొరుగు విధానం: పుట్టుక, పరిణామం, సవాళ్లు'. నేను రిటైరయ్యేలోపు ఇలాంటి పేర్లతో చాలా దిద్దాను. అన్నిట్లోనూ అవే అధ్యాయాలు: లక్ష్యాలు, నిధులు, విమర్శలు. అది వదిలేసి ఒక్క ప్రశ్న పట్టుకో తల్లీ. సభ్యులు కాని పొరుగు దేశాలతో యూనియన్ ఎలా మెలగాలో చెప్పే ఈ విధానం మారిన ప్రతిసారీ, అంతకుముందు బ్రస్సెల్స్‌ని, అంటే యూనియన్ పెద్దలని, భయపెట్టింది ఏమిటి?

ముందు గోడకి ఒక మ్యాప్ తగిలించు. 2004 మే 1న యూనియన్‌లో పది దేశాలు చేరి, 15 దేశాలున్న కూటమి 25 అయింది. దాంతో దాని సరిహద్దు ఉక్రెయిన్, బెలారుస్ గుమ్మం దాకా జరిగింది. 2022లో యుద్ధం మొదలవగానే ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివే మన పిల్లలు పోలెండ్, హంగరీ వైపు పరుగెత్తారే, ఆ గీతే ఇది.

కొత్తగా పొరుగైనవాళ్లని ఏం చేయాలి? అందరినీ లోపలికి రానిస్తే ఇల్లు పట్టదు. తలుపేసుకుంటే వాళ్ల గొడవలు మన వాకిట్లోకి వస్తాయి. యూనియన్ పాలన నడిపే కమిషన్‌కి అప్పటి అధ్యక్షుడు రొమానో ప్రోడి 2002లోనే ఒక మాటన్నాడు: యూనియన్ సంస్థలు తప్ప మిగతావన్నీ పొరుగువాళ్లతో పంచుకుందామని. వంటింటి దాకా రావచ్చు, ఇంటి కాగితాల్లో మాత్రం పేరుండదన్నమాట.

నేను బోల్తాపడింది ఇక్కడే. 2005లో క్లాసులో ఈ విధానం సభ్యత్వానికి తొలిమెట్టు అని చెప్పేశాను. ముందు బెంచీ అమ్మాయి 'మరి మొరాకో సంగతేంటి సార్' అంది. మొరాకో 1987లోనే చేరతానని దరఖాస్తు పెట్టింది, యూరప్ దేశం కాదని కాదన్నారు. మర్నాడు అందరి చేతా నోట్సు కొట్టేయించి మళ్లీ చెప్పాను. అందుకే ఈ విధానం కిందికొచ్చే పదహారు దేశాలనీ ఒకే గాటన కట్టకు. తూర్పున ఆరు, దక్షిణాన పది. తూర్పువాళ్లకి ఆశ అయినా ఉంది. దక్షిణం వాళ్లకి అదీ లేదు.

ఇక పత్రాలు. ఈ విధానాన్ని మారుస్తూ 2011 మేలో వచ్చినదీ, 2015 నవంబరులో వచ్చినదీ పక్కపక్కన పెట్టుకుని ఒకే రోజు చదువు. చేతిలో పెన్సిల్ ఉండాలి. మొదటిది అరబ్ దేశాల్లో జనం వీధుల్లోకి వచ్చిన ఊపులో రాసింది. ఎంత సంస్కరిస్తే అంత సాయం అంటుంది, ప్రజాస్వామ్యం అంటుంది. నాలుగేళ్లు తిరిగేసరికి పెద్ద మాట 'స్థిరత్వం' అయిపోయింది. ఈ మధ్యలో జరిగినవి నీ అసలు అధ్యాయం: సిరియా, లిబియా తగలబడ్డాయి. 2013 నవంబరులో అప్పటి ఉక్రెయిన్ అధ్యక్షుడు యనుకోవిచ్ యూనియన్‌తో కుదరాల్సిన ఒప్పందం మీద సంతకం పెట్టనన్నాడు. మరుసటి ఏడు క్రిమియా రష్యా చేతికి పోయింది. 2015లో పడవల మీద యూరప్‌కి లక్షల మంది వచ్చారు. పత్రంలో ఇవన్నీ నెమ్మదైన భాషలో ఉంటాయి, టెన్షన్ పైకి కనపడనివ్వరు. అది నువ్వే పట్టుకోవాలి.

మాటలు అయ్యాక డబ్బు చూడు. 2023 జూలైలో ట్యునీషియాతో ఒప్పందం కుదిరింది. వలసల కట్టడికి 10.5 కోట్ల యూరోలు. అక్కడి అధ్యక్షుడు అంతకు ముందు ఏడాదే పార్లమెంటుని రద్దు చేసి కూర్చున్నాడు. 2024 మార్చిలో ఈజిప్టుకి 740 కోట్లు ప్రకటించారు, అందులో 500 కోట్లు అప్పే. సాయం అని రాసేముందు అప్పెంత, గ్రాంటెంత విడదీయి. చాలామంది చెయ్యరు, బద్ధకం.

తూర్పున కథ వేరు. 2004 నుంచి పద్దెనిమిదేళ్లు 'చూద్దాం' అన్న తలుపు, రష్యా దాడి చేసిన నాలుగు నెలలకే తెరుచుకుంది. 2022 జూన్‌లో ఉక్రెయిన్, మోల్డోవా సభ్యత్వానికి అభ్యర్థి దేశాలయ్యాయి. 2023 డిసెంబరులో జార్జియా. బెలారుస్ మాత్రం 2021లోనే, ఆ తూర్పు ఆరు దేశాలతో యూనియన్ పెట్టుకున్న 'తూర్పు భాగస్వామ్యం' నుంచి పక్కకి తప్పుకుంది. పొరుగువాడు కూడా వద్దనగలడు, ఆ సంగతి నీ సినాప్సిస్‌లో ఎక్కడా లేదు. ట్యునిస్ నుంచి, కీవ్ నుంచి ఇంగ్లీషులో వచ్చే పత్రికలు కూడా చూడు. బ్రస్సెల్స్ కాగితాలే చదివితే వాళ్ల గుమాస్తా రాసినట్టుంటుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మొదటి అధ్యాయం ప్రింటు తీసుకురా, డబుల్ స్పేస్‌లో. ఫోన్‌లో చదవడం నా కళ్లవల్ల కావట్లేదు.

నీ మామయ్య