పుల్లలు కొట్టేటప్పుడు చెవిలో పాట ఉండొచ్చా?

ప్రశ్న: అన్నగారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డిగ్రీ చదువుతున్నాను. సెలవులకి ఇంటికొస్తే దొడ్లో పుల్లలు కొట్టే పని నాదే. గ్యాస్ ఉంది గానీ వేణ్ణీళ్ళకీ, పండగ పిండివంటలకీ మా నాయనమ్మకి కట్టెల పొయ్యే కావాలి. చెవుల్లో బడ్స్ పెట్టుకుని పాటలు వింటూ కొడతాను, విసుగనిపించదు, పని కూడా చకచకా అయిపోతుంది. మా తాతయ్య మాత్రం చూసినప్పుడల్లా "చేతిలో గొడ్డలి పెట్టుకుని చెవిలో ఆ పాటలేంట్రా" అని అరుస్తున్నారు. పాట వింటూ పని చెయ్యడం అంత తప్పా? మా మావయ్య మిషన్ రంపం తెస్తానంటున్నాడు, దాని రొదకైతే పాట పెట్టుకోక తప్పదు కదా?

జవాబు: తమ్ముడూ, నేను మీ తాతయ్య పక్షమే, కాకపోతే సగం వరకే. గొడ్డలి చేతిలో ఉన్నంతసేపూ రెండు చెవులూ ఖాళీగా ఉండాలి. అది కింద పెట్టేశాక హాయిగా పాట పెట్టుకో, ఎవరూ కాదనరు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఈ పనిలో కంటికి తెలియనిది చాలావరకు చెవికే తెలుస్తుంది. ఒక మామిడి దుంగ తీసుకో. మొదటి దెబ్బకి దబ్బుమంటుంది, రెండో దెబ్బకీ అంతే, ఇంకోటి పడ్డాక లోపలెక్కడో చిటుక్కుమని సన్నగా వినిపిస్తుంది, అక్కడితో పగులు బయల్దేరిందన్నమాట, ఇక అదే గీత మీద ఓ మోస్తరుగా కొట్టినా పెళపెళమని రెండు పేళ్ళయిపోతుంది. ఆ చిటుక్కు వినపడనివాడు ఇంకా బలమంతా పెట్టి కొడతాడు. దుంగ అప్పటికే విచ్చుకుని ఉండటంతో గొడ్డలి సర్రున దిగిపోయి నేలకో, కాలికో తగులుతుంది. అదే కణుపు మీద పడితే చప్పుడు వేరుగా ఉంటుంది, మోచెయ్యి దాకా జిల్లుమంటుంది. అప్పుడు దుంగ తిరగేసి రెండో కొస నుంచి చూడాలి గానీ పంతానికి పోకూడదు. గొడ్డలి కామ, అంటే పిడి కర్ర, వదులైనా ముందు చెప్పేది చప్పుడే. మన దగ్గర పుల్లలు కొట్టుకునేది ఎక్కువగా ఎండల్లోనే, తొలకరి పడేలోపు పేర్చేసుకోవాలని. ఆ ఎండలకి కామ కూడా ఎండి సన్నబడుతుంది, దెబ్బదెబ్బకీ టకటకమంటుంది. వినిపించుకోకుండా అలాగే కొడుతూ పోతే గొడ్డలి ఊడి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. చాలామంది నీళ్ళలో నానేస్తారు, కర్ర ఉబ్బి బిగుస్తుంది, ఆరాక మళ్ళీ మామూలే, అందుకని కొత్త చీల దిగ్గొట్టుకోవడమే మంచిది.

ఇక మన కోనసీమ దొడ్లు ఎలా ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు. ఓ మూల కొబ్బరి డొక్కల గుట్ట, ఇంకో మూల మట్టల మోపులు, పాత పుల్లల పేర్పు. అవన్నీ ఎలకలకి ఇళ్ళు, ఎలకల కోసం పాములొస్తాయి. రక్తపింజర మనిషి దగ్గరికొస్తే పెద్దగా బుస కొడుతుంది, అది మనకిచ్చే హెచ్చరిక, చెవుల్లో డప్పులు మోగుతుంటే అది నీకెలా వినపడుతుంది? కట్లపాము ఆ మాత్రం చప్పుడు కూడా చెయ్యదు, పైగా రాత్రిపూట తిరుగుతుంది, కాబట్టి చీకటి పడ్డాక పేర్పులో చెయ్యి పెట్టనే వద్దు. పగలైనా ముందు కర్రతో కదిపి, ఒక్క నిమిషం ఆగి, అప్పుడు తియ్యి. ఒకవేళ కరిస్తే తాళ్ళు కట్టడం, కొయ్యడం, మంత్రం వేయించడం అంటూ టైమ్ పోగొట్టకుండా, కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యాలి. విషం ఎక్కితే ఆస్పత్రిలో ఇచ్చే యాంటీవీనమే దానికి మందు.

పాముల కంటే నాకు ఎక్కువ భయం చిన్నపిల్లలతో. సెలవుల్లో ఇంటినిండా పిల్లలుంటారు, "బాబాయ్" అంటూ వెనక నుంచి పరిగెత్తుకొచ్చేస్తారు, గొడ్డలి పైకెత్తి ఉన్నప్పుడు ఆ అడుగుల చప్పుడు నీకు వినపడి తీరాలి. ఒక్క చెవికే పెట్టుకుంటానంటావేమో, చప్పుడు ఎటువైపు నుంచి వచ్చిందో పోల్చుకోవాలంటే రెండు చెవులూ కావాలి.

పాట వల్ల పని చకచకా అవుతోందన్నావు చూడు, నాకు నచ్చనిది అదే. గొడ్డలి పనికి తాళం నీ ఊపిరే. ఎత్తేటప్పుడు పీల్చి, దించేటప్పుడు "హుఁ" అని వదలాలి, ఈ పనిలో ఆరితేరినవాళ్ళని గమనించు, ఎంతసేపు కొట్టినా ఆ వరస తప్పరు. ఫాస్ట్ బీట్ పాట పెట్టుకుంటే చెయ్యి దాని వెనక పరిగెడుతుంది, భుజం అలిసిన సంగతి పాట ఆగాక గానీ తెలీదు, గురి తప్పేది సరిగ్గా అలాంటప్పుడే. మన గోదావరి వైపు నాట్లు వేసేటప్పుడూ, దంపుళ్ళప్పుడూ, పడవ లాగేటప్పుడూ పాటలుండేవి కదా అంటే, ఉండేవి, కానీ వాటిలో పాడేవాళ్ళూ పని చేసేవాళ్ళూ ఒకరే, ఆయాసం వస్తే పాట కూడా నెమ్మదించేది. ఫోన్లో పాట నీ ఆయాసం చూసి ఆగదు. పాట ఉండి తీరాలనిపిస్తే నువ్వే పాడుకో, గొంతు బాగుందా లేదా అని దుంగ అడగదు.

కొట్టడం అయ్యాక పేళ్ళు మోసుకెళ్ళి పేర్చడం ఉంటుంది, అసలు విసుగు పుట్టేది అక్కడే. అప్పుడు ఫోన్ అరుగు మీద పెట్టి స్పీకర్‌లో విను. మీ వైపు వాడే మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, 1930లో మీ శంకరగుప్తంలో పుట్టారు. ఆయన కీర్తనలు పెట్టుకుని పేర్చి చూడు, వరస ఎప్పుడు పూర్తయిందో తెలీదు. పేర్చేటప్పుడు కూడా రెండు పేళ్ళు తీసి ఒకదానికొకటి తాటించు. ఖంగుమంటే ఎండినట్టు, మొద్దుగా వినిపిస్తే ఇంకా పచ్చి. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే ఉంటాయి, పొయ్యిలో పెడితే మంట వేడంతా ముందు ఆ నీళ్ళని ఆవిరి చెయ్యడానికే పోతుంది, మీ నాయనమ్మ కళ్ళకి పొగే మిగులుతుంది. పచ్చివి విడిగా, ఎండా గాలీ తగిలేచోట పేర్చు.

మిషన్ రంపం విషయంలో మాత్రం పొరపాటున కూడా పాట వద్దు. దాని రొద 100 డెసిబెల్స్ దాటిపోతుంది, దాన్ని మించి పాట వినపడాలంటే వాల్యూమ్ ఎంత పెట్టాలో ఆలోచించు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90కి వెళితే 4 గంటలే. ఒకసారి దెబ్బతిన్న వినికిడి మళ్ళీ రాదు. మిషన్ వాడేవాళ్ళ కోసం చెవులు పూర్తిగా మూసే కప్పులు అమ్ముతారు, మీ మావయ్యని రంపంతోపాటు అవి కూడా తెమ్మను, కళ్ళజోడు కూడా. ఆ కప్పులు పెట్టుకున్నవాడికి పిలుపు వినపడదు కాబట్టి పక్కన ఒక మనిషి ఉండాలి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకూడదు.

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గర. పూతరేకులు తీస్తాను. తెల్లవారుజామునే తోటలోకి వెళ్ళి రాలిన కొబ్బరాకు ఏరుకొచ్చి, చీల్చి, కట్టలు కట్టుకుని, అప్పుడు కుండ దగ్గర కూర్చుంటాను. మా అబ్బాయి ప్రేమగా బ్లూటూత్ స్పీకర్ కొనిచ్చి "పాటలు వింటూ చేసుకో అమ్మా" అంటున్నాడు. నాకేమో ఆ టైమ్‌లో ఏ చప్పుడూ లేకపోతేనే బాగుంటుంది. చెబితే బాధపడతాడేమోనని టెన్షన్. నాదే తప్పంటారా?

జవాబు: ఎంతమాటమ్మా, మీ తప్పేముంది ఇందులో. రోజంతా ఇంట్లో టీవీ, వీధిలో బళ్ళు, గుడి మైకు, చర్చి మైకు, ఫోన్లు, వీటన్నిటి మధ్య మీకంటూ మిగిలింది ఆ కాస్త టైమే. జెముడుకాకి కూత, కాలవ నీళ్ళ చప్పుడు, ఎండాకు ఈడుస్తుంటే వచ్చే గరగర, ఇవి చాలనిపించినవాళ్ళకి ఇంకోటి ఎందుకు? దాన్ని వదులుకోకండి.

పైగా మీ పనికి చెవి ఎంత అవసరమో మీకు తెలిసినంత మీ అబ్బాయికి తెలీదు. కుండ కింద ఆకు మంట ఒక్కసారి భగ్గుమని లేచి చప్పున తగ్గిపోతుంది, మీరు పిండి కలపడానికి అటు తిరిగినా చిటపట తగ్గిందంటే ఇంకో గుప్పెడు ఆకు తోస్తారు. పల్చటి పిండిలో ముంచిన గుడ్డ బోర్లించిన కుండ మీద పరిచి లాగినప్పుడు వచ్చే ఆ చుయ్యిని బట్టే కాక సరిపోయిందో లేదో పోల్చుకుంటారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అది మీలాంటివాళ్ళ చేతుల్లో, చెవుల్లో ఉన్న ఈ పనితనానికి వచ్చిందే, నేను గట్టిగా నమ్ముతాను.

అబ్బాయితో దాచకుండా చెప్పండి. "నువ్వు కొనిచ్చింది నాకిష్టమే నాన్నా, మధ్యాహ్నం రేకులు చుట్టేటప్పుడు పెట్టుకుంటాను, పొద్దున్న వద్దు" అనండి. ఒకరోజు వాణ్ణి కూడా తెల్లవారుజామున ఆకు ఏరడానికి తీసుకెళ్ళండి, ఫోన్ ఇంట్లో పెట్టించి మరీ.

ప్రశ్న: భీమవరంలో ఉంటాం. పక్కింట్లో ఇంకా తెల్లారకముందే నీళ్ళ పొయ్యి వెలిగించి, పుల్లలు కొడుతూ పెద్ద సౌండ్‌బాక్స్‌లో పాటలు పెడుతున్నారు. అడిగితే "మా ఇల్లు, మా ఇష్టం" అంటారేమో?

జవాబు: అనడానికి లేదండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, రాత్రంటే పది నుంచి పొద్దున్న ఆరు దాకా. కానీ అక్కడి నుంచి మొదలుపెట్టకండి. ఆదివారం పూట వెళ్ళి కూర్చుని, ఇంట్లో పెద్దవాళ్ళకి నిద్ర చెడుతోందని చెప్పి, ఆరు దాటాక పెట్టుకోమని అడగండి. పుల్లలు ముందురోజు సాయంత్రమే కొట్టి పెట్టుకోమని కూడా చెప్పండి, చీకట్లో గొడ్డలి పట్టుకోవడం వాళ్ళకే మంచిది కాదు.