కట్టెల పాక వేసుకుంటుంటే పక్కింటాయన స్టే తెస్తానంటున్నాడు, ఆపించగలడా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె, ఇల్లు గ్రామకంఠంలో (ఊళ్లో ఇళ్లకోసం వదిలిన స్థలంలో) ఉంది. గ్యాస్ ఉన్నా నీళ్లు కాచుకోడానికి, పిండివంటలకి, గేదెలకి ఉలవలు ఉడకేయడానికి కట్టెల పొయ్యే వాడతాం. వానాకాలం కట్టెలు తడిసిపోతున్నాయని పెరట్లో 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పున రేకుల పాక మొదలెట్టాం. ఒక పక్క వాసాలు ఉమ్మడి గోడ మీద ఆనించాం. పక్కింటాయన, వరసకి మాకు బావగారే, వచ్చి పంచాయతీ పర్మిషన్ లేదు, చూరు నీళ్లు మా వైపు పడతాయి, మా వంటింటి కిటికీకి గాలి ఆగిపోద్ది, నిప్పంటుకుంటే ఎవరు బాధ్యులు అని పని ఆపించాడు, కోర్టుకెళ్లి స్టే తెస్తానంటున్నాడు. మా స్థలంలో మేం కట్టెలు పెట్టుకోడానికి కూడా హక్కు లేదా?

జవాబు: హక్కుంది అమ్మా, ముందు ధైర్యంగా ఉండండి, మీ పెరట్లో కట్టెలు దాచుకోడానికి పాక వేసుకోవద్దని ఏ చట్టమూ చెప్పదు. అయితే మీ ఉత్తరంలో నాకు గుబులు పుట్టించింది పర్మిషన్ సంగతి కాదు, ఉమ్మడి గోడ మీద వాసాలు ఆనించాం అని మీరు తేలిగ్గా రాసేసిన ఆ ఒక్క మాట. ఆయన కోర్టుకెళ్తే గెలిచే అవకాశం ఉన్నది అక్కడే, ఇంకోటి చూరు నీళ్ల దగ్గర, ఈ రెండూ సరిచేసుకుంటే మిగతావి పెద్దగా నిలబడవు.

గోడ ఉమ్మడిదైతే అది ఇద్దరిదీ, నిజమే, కానీ ఒకళ్లకి చెప్పకుండా ఇంకొకళ్లు దాని మీద కొత్త బరువు ఎక్కించడం, కన్నాలు కొట్టడం, ఎత్తు పెంచడం చేస్తే రెండోవాళ్లు అడ్డుకోవచ్చు. పైగా మన ఊళ్లలో ఉమ్మడి గోడ అని నోటితో అనుకోవడమే గానీ కాగితం మీద ఉండదు, రేపు ఆయన అసలు ఈ గోడ మా నాన్న కట్టించిందే అన్నాడంటే మీ కట్టెల పాక గొడవ కాస్తా గోడ హక్కు దావా అయి కూర్చుంటుంది, అది ఏళ్లు పడుతుంది. అందుకని ఆ వాసాలు దించేయండి. మీ వైపే రెండడుగులు వదిలి నాలుగు గుంజలు పాతుకుని పాక దాని కాళ్ల మీద అది నిలబడేలా వేసుకోండి, ఖర్చు ఇంకో రెండు గుంజలదే కదా. ఆ సందులో గాలి ఆడి కట్టెలు కూడా త్వరగా ఆరతాయి.

చూరు నీళ్ల విషయంలో మాత్రం ఆయన మాట పూర్తిగా కరెక్టు. మన కప్పు మీద పడ్డ వాన నీళ్లు పక్కవాళ్ల స్థలంలోకి వదలడం మన హక్కు కాదు. పక్కవాళ్ల స్థలం మీద మనకుండే ఇలాంటి వాడుక హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 15 ప్రకారం ఇలాంటి హక్కు రావాలంటే 20 ఏళ్లపాటు బహిరంగంగా, ఏ అడ్డూ లేకుండా, హక్కుగా అనుభవించి ఉండాలి, మీది నిన్న మొన్న మొదలెట్టిన పాక కాబట్టి ఆ ప్రశ్నే రాదు. వాలు మీ పెరటి వైపు తిప్పండి, చూరుకి ఒక దోనె కట్టి గొట్టంతో నీళ్లు మీ కాలవలోకో ఇంకుడు గుంతలోకో వదలండి. రేకు అంచు కూడా మీ హద్దు దాటకూడదు, గుంజలు మన స్థలంలోనే ఉన్నా రేకు జానెడు అవతలికి పోయినా అది ఆక్రమణే, దాన్ని తీయించమని ఆయన అడగొచ్చు.

కిటికీ సంగతికొస్తే, గాలి వెలుతురు హక్కుకి కూడా అదే 20 ఏళ్ల లెక్క. ఆ వంటింటి కిటికీ ఎప్పుడు పెట్టారో మీకే తెలియాలి, పాతదైతే ఆయనకి హక్కు ఏర్పడి ఉండొచ్చు. అయినా కొంచెం వెలుతురు తగ్గిందంటే చాలదు, చెప్పుకోదగ్గ నష్టం జరిగినప్పుడే అదే చట్టం సెక్షన్ 33 కింద దావా నిలుస్తుంది. మీరు రెండడుగులు వదిలి, ఎత్తు ఆ కిటికీ కింది అంచుకి దిగువనే ఉంచితే ఈ పాయింటు ఆయన నోటికి రాదు.

ఇక పర్మిషన్. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో బిల్డింగ్ అంటే ఇల్లు ఒక్కటే అని కాదు, షెడ్డు, గుడిసె, గోడ కూడా దాని కిందకే వస్తాయి, చెక్కతో కట్టినా రేకుతో కట్టినా ఒకటే. ఊళ్లో ఎవరు తీసుకుంటున్నారండీ అని అందరూ అంటారు, మామూలుగా ఎవరూ పట్టించుకోరు కూడా, కానీ ఎదురుగా కంప్లైంట్ పెట్టే మనిషి ఉన్నప్పుడు ఆ లోటు మనం ఉంచుకోకూడదు. తెల్లకాగితం మీద పాక కొలతలు, నాలుగు పక్కలా హద్దులు గీసి, ఇంటి పన్ను రసీదు జతచేసి పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇవ్వండి, రెండో కాపీ మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, పంచాయతీ పర్మిషన్ వచ్చినంత మాత్రాన పక్కవాళ్ల హక్కు పోదు, అలాగే పర్మిషన్ లేనంత మాత్రాన మీ స్థలం ఆయనది అయిపోదు.

గ్రామకంఠం అన్నారు కాబట్టి ఇంకోమాట. ఇంటి పన్ను రసీదు మీరు అక్కడ ఉంటున్నారనడానికి రుజువే గానీ హక్కు పత్రం కాదు. పాత దస్తావేజు, పంపకాల కాగితం ఏదుంటే అది బయటికి తీయండి. అందులో రాసిన గజాలకీ నేల మీద కొలతకీ తేడా వస్తే కంగారు పడకండి, సాధారణంగా కోర్టులు కొలతల కన్నా హద్దులకే విలువిస్తాయి.

నిప్పు గురించి ఆయన భయాన్ని కొట్టిపారేయొద్దు, పక్కనే ఆయన వంటిల్లుంది, పిల్లలున్న ఇల్లు కూడా అయుండొచ్చు. తాటాకు కప్పు వద్దు, రేకే మంచిది. పాకలో పొయ్యి పెట్టడం, బూడిద ఆరకుండా పక్కన పోయడం, కిరసనాయిలు డబ్బా దాచడం అస్సలొద్దు. నిప్పు విషయంలో అజాగ్రత్తగా ఉండి వేరేవాళ్ల ప్రాణానికి ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 కింద ఆరు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మీరు అడగకపోయినా చెప్తున్నా, పైన కరెంటు వైరు ఏదన్నా పోతుందేమో చూడండి, ఇళ్లకి కరెంటు ఇచ్చే మామూలు ఎల్టీ (తక్కువ వోల్టేజి) లైనుకి కప్పుకీ మధ్య పైకి 2.5 మీటర్లు, పక్కకి 1.2 మీటర్లు ఖాళీ ఉండాలి, ఇనుప రేకుకి వైరు తగిలితే పోయేది ప్రాణం.

స్టే గురించి. ఆయన నిజంగా వెళ్తే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇంజంక్షన్ దావా (పని ఆపించమని అడిగే దావా) వేసి, దాంతోపాటు మధ్యంతర ఉత్తర్వు అడుగుతాడు. మీ మాట వినకుండా ఆర్డర్ రాకూడదంటే ఇప్పుడే అదే కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద కేవియట్ (మాకు చెప్పకుండా ఆర్డర్ ఇవ్వొద్దని ముందే పెట్టే అర్జీ) వేయించండి, అది 90 రోజులు పనిచేస్తుంది, ఆలోపు ఆయన పిటిషన్ వేస్తే మీకు నోటీసు ఇచ్చి తీరాలి. ఒకవేళ ఆర్డర్ వచ్చేస్తే మాత్రం రాత్రికి రాత్రి రేకులు బిగించేద్దాం అని మీ ఇంట్లోవాళ్లు ఎవరన్నా అంటే ఆపండి, ఆర్డర్ ఉండగా కడితే ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిల్ జైలు కూడా ఉంది. ఇప్పుడున్నది ఉన్నట్టు గోడ, గుంజలు, కిటికీ అన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి.

అయినా వరసకి బావగారంటున్నారు, వాలు తిప్పుతాం, గోడ వదిలేస్తాం అని ముందు మీరే ఒక మాట చెప్పి చూడండి, చాలా గొడవలు అక్కడే ఆగిపోతాయి. వినకపోతే మీ కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయ సేవాధికార కమిటీకి దరఖాస్తు ఇవ్వండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, దావా వేయకముందే లోక్ అదాలత్‌లో పిలిపించి మాట్లాడిస్తారు, కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. రాజీ రాసేటప్పుడు వదిలిన రెండడుగుల సందు మీ స్థలంలోదే అని అందులో స్పష్టంగా రాయించుకోండి.